దారిపక్క మెస్సులో నరమాంసం: నవ్విస్తూ భయపెట్టాల్సిన మా సినిమా రెండో సగంలో ఎందుకు చప్పబడుతోంది?

ప్రశ్న: కావలి కథకుడు

కావలి నుంచి సింగరాయకొండ దాకా జాతీయ రహదారి మీద తిరిగేవారికి లారీలు ఆగే చిన్న భోజన హోటళ్లు బాగా తెలిసే ఉంటాయి. అలాంటి ఒక మెస్సును ఆధారం చేసుకొని నేనూ నా మిత్రులూ కలిసి గంటన్నర నిడివిగల సినిమాకు కథ రాసుకున్నాము. నరమాంసం వండి పెట్టే దంపతుల కథ ఇది. ప్రేక్షకులను నవ్విస్తూనే భయపెట్టాలన్నది మా కోరిక. చేతిలో ఉన్న డబ్బు మూడు లక్షలకు మించదు. నటులందరూ మా ప్రాంతంలో నాటకాల్లో వేషాలు కట్టినవారే కాబట్టి పారితోషికాల బెడద లేదు కానీ, కెమెరా అద్దె, భోజనాలు, ప్రయాణాలు పోగా మేకప్పుకూ రక్తానికీ మిగిలేది చాలా తక్కువ.

కథ క్లుప్తంగా ఇది. ఉలవపాడు దాటిన తరువాత రోడ్డు పక్కన అరవై ఏళ్లు పైబడిన భార్యాభర్తలు మెస్సు నడుపుతుంటారు. వారమంతా పప్పు, వేపుడు, చారు, పెరుగు మాత్రమే పెడతారు. ఆదివారం ఒక్కరోజు మాంసం పులుసు ఉంటుంది. మన చేపల పులుసులో వేసినట్టే అందులో మామిడికాయ ముక్కలు వేస్తారు. దాని రుచి కోసం నెల్లూరు నుంచి కూడా జనం వస్తుంటారు. ఆ మాంసం దేనిదో ఎవరూ అడగరు. వాళ్ల వ్యాను మీద ఉన్న అప్పు వాయిదాలు వసూలు చేయడానికి ఫైనాన్సు కుర్రవాడు ఒకడు వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ "ముందు అన్నం తిను నాయనా, డబ్బు యాడికి పోతుంది" అని కూర్చోబెట్టి వడ్డిస్తుంది. అతను మొహమాటపడి తిని, డబ్బు అడగడానికి నోరు రాక వెళ్లిపోతుంటాడు. విశ్రాంతికి ముందు, వంటింటి వెనక ఉన్న రొయ్యల థర్మోకోల్ పెట్టె మూత తీసి, ఐసు మధ్య ఉంగరం తొడిగిన చేతిని చూస్తాడు. అది తనకన్నా ముందు ఆ దారిలో వసూళ్లు చూసి, కనిపించకుండా పోయిన మనిషి ఉంగరం.

స్క్రిప్టు చదివి వినిపించినప్పుడు మొదటి సగమంతా మిత్రులు పడీ పడీ నవ్వారు. చేతిని చూసిన దగ్గర నుంచి నవ్వు ఆగిపోయింది, భయం మాత్రం మొదలు కాలేదు. అక్కడి నుంచి మేము రాసుకున్నది కుర్రవాడి పరుగు, ముసలాయన కత్తి, సరుగుడు తోటలో వెంటాడటం, రక్తం. నా సందేహాలు నాలుగు. రెండో సగాన్ని ఎలా నిలబెట్టాలి? రక్తం, మాంసం ఎంతవరకు చూపించాలి, ఇంత తక్కువ డబ్బుతో ఎలా చూపించాలి? ఆ దంపతులు వయసులో ఉండగా నల్లమలలో ఒక అడవి తెగ దగ్గర ఈ అలవాటు నేర్చుకున్నట్టు ఒక గతం రాశాము, అది ఉంచవచ్చా? చివరిగా, ఇలాంటి సినిమాకు సెన్సారు దగ్గర ఎలాంటి ఇబ్బందులు వస్తాయి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: పెన్నాగట్టు

రెండో సగం ఎందుకు చప్పబడిందో తెలియాలంటే, మొదటి సగం ఎందుకు పండిందో చూడాలి. ఆ ఆకులో ఉన్నది ఏమిటో వడ్డించే ఆవిడకు తెలుసు, చూసే మనకు తెలుసు, తినే కుర్రవాడికి మాత్రం తెలియదు. నవ్వు పుట్టింది ఆ తేడాలో. పెట్టె మూత తీసిన క్షణంలో ఆ తేడా చెరిగిపోయింది. అందరికీ అన్నీ తెలిసిపోయాయి. ఇక మిగిలింది ఒకరు పరుగెత్తడం, ఇంకొకరు తరమడం. అది ఏ సినిమాలోనైనా ఉండే సంగతే, దానికి నరమాంసం అక్కర్లేదు.

మన దగ్గర ఇలాంటి కథలు కొత్తేమీ కాదు. ఆరణ్యపర్వంలో ఇల్వలుడు, వాతాపి అనే అన్నదమ్ముల కథను గుర్తు తెచ్చుకోండి. తమ్ముడు పొట్టేలుగా మారతాడు, అన్న అతన్ని కోసి వండి అతిథికి మర్యాదగా వడ్డిస్తాడు, భోజనం అయ్యాక "వాతాపీ, బయటకు రా" అని పిలుస్తాడు, తమ్ముడు అతిథి పొట్ట చీల్చుకొని వస్తాడు. ఇంతకన్నా భయంకరమైన విందు ఊహించడం కష్టం. అయినా ఆ కథను తలచుకొని మనం పసిపిల్లలకు పాలు పట్టి, పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటూ నవ్వుకుంటాం. నవ్వుకోగలగడానికి కారణం అగస్త్యుడు. ఆయనకు ముందే అంతా తెలుసు. వెంట వచ్చిన రాజులు ముగ్గురూ భయంతో కొయ్యబారి చూస్తుంటే, ఆయన తీరిగ్గా కూర్చొని వడ్డించినదంతా తిని, ఇల్వలుడు పిలిచేసరికి అరిగిపోయిందని చెబుతాడు. తెలియక తినే అతిథి స్థానంలో తెలిసి తినే అతిథి వచ్చి కూర్చోవడంతో కథ మొత్తం తలకిందులవుతుంది, అప్పటిదాకా నవ్వుతున్న ఇల్వలుడి నోట మాట పడిపోతుంది.

దీనికి పక్కన చిరుతొండ నంబి కథను పెట్టి చూడండి. శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన ఆ కథలో తల్లిదండ్రులు కన్నకొడుకును వండి, జంగమయ్య వేషంలో వచ్చిన శివుడికి పెడతారు. అడిగే శివుడికి తెలుసు, వండే తల్లికి తెలుసు, వడ్డించే తండ్రికి తెలుసు. అందరికీ తెలిసిన చోట నవ్వుకు చోటు లేదు, ఆ కథ చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. రెండింటిలోనూ జరిగే పని దాదాపు ఒకటే. ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నదే ఒకదాన్ని నవ్వు వైపు, ఇంకొకదాన్ని కన్నీళ్ల వైపు నడిపింది.

కాబట్టి మీ కుర్రవాడు చేతిని చూసి పరుగెత్తకూడదు. అతను మూత పెట్టేసి వెనక్కి తిరిగేసరికి ఆవిడ ఆకు వేసి, నీళ్లు చల్లి, పులుసు గిన్నెతో నిలబడి ఉండాలి. పక్క ఆకు ముందు అతని మేనేజరు కూర్చొని ఉండాలి. వాయిదాలు ఎందుకు రావడం లేదో స్వయంగా చూద్దామని వచ్చినాయన, అప్పటికే రెండోసారి కలుపుకొని, ఎముక పీలుస్తూ "ఇంత మంచి మనుషుల దగ్గర డబ్బు వసూలు చేయలేకపోతున్నావా" అని మందలిస్తుండాలి. ఇప్పుడు కుర్రవాడు ఏం చెప్పగలడు? చెబితే మేనేజరు తిన్నది ఏమిటో కూడా చెప్పాలి. అంతకుముందు ఆదివారాలన్నీ తాను తిన్నది ఏమిటో కూడా చెప్పాలి. అతను అన్నం ముద్ద చేతిలో పెట్టుకొని ఊరికే కూర్చుంటే ఆవిడ ప్రేమగా అడుగుతుంది: "ఏంది నాయనా, ఆకు ముందర అట్నే కూర్చోనుండావు? పులుసులో ఉప్పు తక్కువైందా? ఇంకో గరిటె ఏసేదా?" ఈ మాటకు హాలులో సగం మంది నవ్వుతారు, సగం మందికి కడుపులో తిప్పుతుంది. ఆ రెండూ ఒకేసారి జరగాలంటే అతిథి మర్యాదను విడిచి బయటకు పోకూడదు. మన ఇళ్లలో వద్దన్నా కొసరి కొసరి వడ్డిస్తారు, ఆకులో వదిలేస్తే వండినవారు నొచ్చుకుంటారు. ఈ సినిమాకు కావలసిన భయమంతా అందులోనే ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

అక్కడి నుంచి చివరి మెట్టు అగస్త్యుడిది. కుర్రవాడు అన్నీ తెలిసి, తనంతట తాను మళ్లీ ఆదివారం వచ్చి, కూర్చొని, మారు వడ్డించమని అడిగే రోజు రావాలి. అప్పుడు భయపడాల్సింది ఆ ముసలి దంపతులు. అతను ఎందుకు అడిగాడు, నిజంగా తింటాడా, ఎవరిని వెంటబెట్టుకొని వచ్చాడు అన్నది మీరు రాసుకోవలసిన విషయం. సరుగుడు తోటలో పరుగులు మాత్రం తీసేయండి.

ఇంకొక మాట. దంపతులను పిచ్చివాళ్లుగా, వంకర నవ్వులు నవ్వేవాళ్లుగా చూపించకండి. తాము చేసేది తప్పని వాళ్లకు తోచనే తోచదు. వచ్చినవాడు ఆకలితో వెళ్లకూడదన్నదే వాళ్ల పట్టుదల. చచ్చినవాళ్లను చూసి నవ్వే జోకు ఒక్కటి కూడా వద్దు. ఆ ఉంగరం ఒక ఇంటి మనిషిది. దాన్ని చూసినప్పుడు కుర్రవాడి ముఖంలో దుఃఖం కనిపించకపోతే, ఆ తరువాత వచ్చే నవ్వు నిలవదు.

జవాబు: ఒంగోలు రంగులపెట్టె

నేను నాటకాలకూ లఘుచిత్రాలకూ మేకప్పు చేస్తాను. పెన్నాగట్టు గారు కథ గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. అయితే రక్తం, మాంసం అసలు అక్కర్లేదన్న అభిప్రాయం ఎవరికైనా కలిగితే దానితో నేను ఏకీభవించను. నరమాంసం సినిమా అని పిలిచి ఆ చేతిని సరిగ్గా చూపించకపోతే వచ్చినవాడు మోసపోయానని అనుకుంటాడు. ఒక్కసారైనా, దగ్గరగా, నమ్మేటట్టు చూపించాలి. మీ డబ్బులో మేకప్పుకు ఉన్నదంతా ఆ ఒక్క షాటు మీదే పెట్టండి.

చేతికి ముందుగా అచ్చు కావాలి. పళ్ల డాక్టర్లు దవడ అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ పొడి చర్మానికి హాని చేయదు, నీళ్లలో కలిపిన కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. నటుడి చేతిని అందులో ముంచి అచ్చు తీసి, ఆ అచ్చులో మైనమో సిలికానో పోయండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో మాత్రం ఎవరి చేతినీ నేరుగా ముంచకండి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది, చేయి బయటకు రాకుండా బిగుసుకుపోతుంది. అచ్చు ఆల్జినేటుతో తీసి, లోపల మైనం పోయడమే క్షేమం. ఆ చేతిని పూర్తిగా చూపించనక్కర్లేదు. నలిగిన ఐసులో మణికట్టు దాకా పూడ్చి, నాలుగు వేళ్లు, ఉంగరం బయటకు కనిపించేటట్టు పెట్టండి. గోళ్ల కింద కొద్దిగా నీలం, కణుపుల దగ్గర లేత ఊదా రంగు అద్దితే చాలు, చచ్చిన చేతిలా ఉంటుంది. ఐసులో పెట్టిన చేతి నుంచి ఎర్రగా రక్తం కారుతున్నట్టు చూపిస్తే ఎవరూ నమ్మరు. ఐసు కరిగిన నీళ్లు లేత గులాబీ రంగులో ఉంటే నమ్ముతారు.

రక్తానికి బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ వాడండి. అందులో తినే ఎర్రరంగు కలిపితే కెమెరాలో రోజ్‌మిల్కులా కనిపిస్తుంది, అందుకని కొంచెం కోకో పొడి, ఒకటి రెండు నీలం చుక్కలు కలపాలి. ఎండిన మరకకు అందులోనే కాఫీ పొడి డికాక్షన్ కలిపి బ్రష్షుతో అద్దండి. షూటింగులో వాడే లైటు కిందే పరీక్షించి చూసుకోండి, ట్యూబులైటు కింద ఒకలా, పసుపు బల్బు కింద ఇంకోలా ఉంటుంది. 1960 నాటి 'సైకో' నలుపు తెలుపుల్లో తీసిన సినిమా కాబట్టి చాక్లెట్ పాకంతోనే పని గడిచిపోయింది, మనకు ఆ వెసులుబాటు లేదు. నోట్లోకి పోయే అవకాశం ఉన్నదేదైనా తినదగినదే అయి ఉండాలి. రంగోలీ పొడులూ హోలీ రంగులూ దగ్గరకు రానివ్వకండి. ఇది పాకం కాబట్టి చీమలూ ఈగలూ కమ్ముకుంటాయి, ప్రతి టేకు తరువాత తుడిచేయాలి.

ఇక పులుసు సంగతి. నిజమైన మాంసం వాడవద్దు. ఒక సీను తీయడానికి అదే ఆకు గంటల తరబడి లైట్ల కింద ఉంటుంది, చెడిపోయిన మాంసం నటుల చేత తినిపించలేము. లేత పనసకాయ ముక్కలను ఉప్పు, పసుపు వేసి ఉడికించి పులుసులో వేస్తే, వేళ్లతో విడదీసినప్పుడు పీచు పీచుగా అచ్చం మాంసంలాగే విడిపోతుంది. ఎముక పీల్చే షాటుకు మునగకాడ కన్నా మంచిది ఏదీ లేదు. మీ మేనేజరు పాత్రధారి మునగకాడను చివరి నుంచి పళ్ల మధ్య బిగించి లాగి, మూలుగ పీల్చినట్టు పీల్చే చప్పుడును దగ్గర నుంచి రికార్డు చేయండి. కెమెరా అతని చేతిని కాకుండా ఎదురుగా కూర్చున్న కుర్రవాడి ముఖాన్ని చూపించాలి. కాలేయము, గుండె వంటివి తప్పనిసరి అనుకుంటే, సముద్రపు నాచు నుంచి తీసే చైనాగ్రాసుతో చేయండి. జెలటిన్ మన ఒంటి వేడికే కరగడం మొదలుపెడుతుంది, వేసవిలో కావలిలో లైటు కింద పెడితే సీను మధ్యలోనే నీరైపోతుంది. చైనాగ్రాసు మళ్లీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి, కాబట్టి మన ఎండకు నిలుస్తుంది.

చప్పుళ్లన్నీ తరువాత విడిగా పట్టుకోవచ్చు. ఎముక విరిగే చప్పుడుకు పచ్చి క్యారెట్లను తడిగుడ్డలో చుట్టి విరవండి, కత్తి దిగే చప్పుడుకు గుమ్మడికాయ వాడండి. రహదారి పక్కన లారీల హారన్ల మధ్య సంభాషణలు శుభ్రంగా రికార్డు కావు కాబట్టి డబ్బింగుకు ముందే సిద్ధపడండి. షూటింగు జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు, ఏప్రిల్ దాటితే ఎండలు.

డబ్బు తక్కువని దిగులు పడకండి. న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ జాక్సన్ తన మొదటి సినిమా 'బ్యాడ్ టేస్ట్'ను స్నేహితులతో కలిసి, వారాంతాల్లో, దాదాపు నాలుగేళ్లపాటు తీశాడు. మనుషుల మాంసాన్ని ఆహారంగా అమ్ముకోవాలని వచ్చిన గ్రహాంతరవాసుల కథ అది. వాళ్ల ముఖాల తొడుగులను తన తల్లి వంటింటి ఓవెన్‌లోనే కాల్చుకున్నాడు. సినిమాను పూర్తి చేయడానికి ఆ దేశపు ఫిల్మ్ కమిషన్ డబ్బు చివరలో వచ్చింది. 1987లో విడుదలైన ఆ సినిమాలో అతుకులు కనిపిస్తూనే ఉంటాయి, అయినా ఎక్కడా విసుగు పుట్టదు.

జవాబు: మార్కాపురం పలక

మీ మూడో ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నల్లమల తెగ దగ్గర నరమాంసం తినడం నేర్చుకున్నారన్న గతాన్ని దయచేసి పూర్తిగా తీసేయండి. నల్లమల అడవి తెగ అనగానే మన వైపు ఎవరికైనా చెంచులే గుర్తుకు వస్తారు, మీరు పేరు పెట్టకపోయినా సరే. తేనె, దుంపలు, అడవి పంటలు సేకరించుకుంటూ బతికిన జనం వాళ్లు. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని మనమందరం చెప్పుకుంటాం, ఆ ఆడబిడ్డ పుట్టింటివారిని నరభక్షకులను చేసి నవ్వుకోవడం ఏ విధంగా న్యాయం? ప్రభుత్వం అత్యంత దుర్బల గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తించిన ఆ ప్రజల పిల్లలు మా వైపు హాస్టళ్లలో చదువుకుంటున్నారు. మీ సినిమాలోని ఒక క్లిప్పు ఫోన్లలో తిరిగితే బడిలో ఆ పిల్లలను ఏమని పిలుస్తారో ఆలోచించండి.

అడవి జనాన్ని నరభక్షకులుగా చూపించే పాపం విదేశీ సినిమాల్లో చాలా కాలం నడిచింది. 1980లో ఇటలీలో విడుదలైన 'కానిబాల్ హోలోకాస్ట్' అమెజాన్ ఆదివాసులను అలాగే చూపించింది. దాని కోసం కెమెరా ముందు నిజంగానే జంతువులను చంపారు. అక్కడి అధికారులు ఆ సినిమాను స్వాధీనం చేసుకుంటే, నటులు నిజంగా చనిపోలేదని నిరూపించుకోవలసిన పరిస్థితి దర్శకుడికి వచ్చింది. దాన్ని గొప్పగా చెప్పుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, నాకు అందులో గొప్ప ఏమీ కనిపించదు.

నిజానికి మీ కథకు ఆ గతం అవసరమే లేదు. ఎందుకు తింటారో, ఎందుకు పెడతారో చెప్పకపోతేనే ఆ దంపతులు మన పక్కింటివాళ్లలా కనిపిస్తారు. కారణం చెప్పగానే ప్రేక్షకుడు "అదీ సంగతి, మావాళ్లు కాదు" అని ఊపిరి పీల్చుకుంటాడు. అదే జాగ్రత్తను వాళ్ల కులం, మతం, ఇంటిపేరు విషయంలో కూడా పాటించండి. ఎవరినో గుర్తుచేసే గుర్తు ఒక్కటి కూడా ఉండకూడదు.

మరొక విషయం. షూటింగుకు నడుస్తున్న మెస్సును అద్దెకు తీసుకుంటే దాని బోర్డు, గోడ రంగు, గల్లాపెట్టె వెనక ఉండే పటాలు అన్నీ మార్చేయండి. సినిమా చూసినవారు దారిలో ఆ హోటలును గుర్తుపట్టి సరదాకు ఒక మాట అన్నా, ఆ కుటుంబం బతుకుతెరువు పోతుంది. మూతపడిన హోటలు దొరికితే ఇంకా మంచిది.

జవాబు: సూళ్లూరుపేట ప్రేక్షకుడు

సెన్సారు గురించి తెలిసినంత చెబుతాను. థియేటర్లో వేయాలంటే కేంద్ర ఫిల్మ్ సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ తప్పనిసరి, మనకు హైదరాబాదులో ప్రాంతీయ కార్యాలయం ఉంది. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో జరిగిన సవరణ తరువాత యు/ఏ సర్టిఫికెట్ 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడిపోయింది. నరమాంసం కథకు యు/ఏ 16 గానీ, పెద్దలకు మాత్రమేనన్న 'ఏ' గానీ వస్తుందని అనుకొని పని మొదలుపెట్టడం మంచిది. 'ఏ' వస్తే సినిమాను ఉన్నదున్నట్టుగా టీవీ ఛానెళ్లకు అమ్ముకోలేరు, చిన్న సినిమాకు ఆ నష్టం చిన్నది కాదు. బోర్డు మార్గదర్శకాల్లో అనవసరమైన హింస, క్రూరత్వం, భయానక దృశ్యాలు, జంతుహింస, ఏదో ఒక వర్గాన్ని కించపరచడం అన్నవన్నీ స్పష్టంగా ఉన్నాయి. మార్కాపురం వారు చెప్పిన సలహా ఇక్కడ కూడా మీకు పనికొస్తుంది. మీ సినిమాలో కోడిని గానీ మేకను గానీ చూపించదలచుకుంటే జంతు సంక్షేమ మండలి అనుమతి వేరుగా తీసుకోవాలి. ఆ తంటా పడకుండా దాన్ని కథలోంచి తీసేయడమే సులువు.

రంగులపెట్టె గారి ఒక్క షాటు మాట నాకు నచ్చింది, దానికి ఒక ఆధారం కూడా ఉంది. 1974 నాటి 'ద టెక్సస్ చైన్ సా మాసకర్' చూసినవారు అందులో రక్తం వరదలై పారిందని చెబుతారు. మళ్లీ చూస్తే తెరమీద కనిపించే రక్తం చాలా తక్కువ. దర్శకుడు టోబ్ హూపర్ పెద్దల సలహాతో పిల్లలు కూడా చూడగలిగే 'పీజీ' సర్టిఫికెట్ వస్తుందనే ఆశతో అలా తీశాడు, అది రాలేదు. ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయేది భోజనాల బల్ల దగ్గరి దృశ్యమే. ఆ నరభక్షకుల ఇంట్లోవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ, కసురుకుంటూ, ముసలి తాతను బతిమాలుతూ కూర్చుంటారు. టెక్సస్ ఎండలో, కిటికీలు మూసేసిన ఇంట్లో, కుళ్లిన మాంసం కంపు మధ్య ఆ ఒక్క దృశ్యాన్ని ఇరవై ఆరు గంటలకు పైగా ఆపకుండా తీశారు. మీరు మీ నటులను అలా బాధపెట్టవద్దు, కానీ ఆ దృశ్యంలో సంసారం గొడవ ఎంత మామూలుగా ఉందో గమనించండి. మీ ముసలి దంపతులు కూడా పులుసులో చింతపండు ఎక్కువైందని కుర్రవాడి ముందే పోట్లాడుకోవాలి.

మన దేశంలోనే చూడాలంటే 2019లో వచ్చిన అస్సామీ సినిమా 'ఆమిస్' ఉంది. భాస్కర్ హజారికా తీసిన ఆ సినిమా నవ్వించేది కాదు, ప్రేమకథ. కలిసి భోజనం చేయడం అనే మామూలు పని నుంచి నరమాంసం దాకా ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా నడిపించాడో చూస్తే మీ మొదటి సగానికి చాలా ఉపయోగపడుతుంది.

డబ్బు విషయంలో నాదొక సలహా. ముందుగా మూడు నిమిషాల ట్రైలరు తీయండి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయపు విద్యార్థి ట్రే పార్కర్, 1874 చలికాలంలో మంచులో చిక్కుకొని తోటివారిని తిన్నాడన్న కేసులో పట్టుబడిన ప్యాకర్ అనే మనిషి మీద, ఇలాగే క్లాసు పని కోసం ఒక ఉత్తుత్తి ట్రైలరు తీశాడు. చూసినవారు సినిమా ఎప్పుడు వస్తుందని అడగడం మొదలుపెట్టారు. దానితో డబ్బు పోగుచేసి, తరువాత 'కానిబాల్! ద మ్యూజికల్' అని పేరుపడిన పాటల హాస్యచిత్రమే తీశాడు, 1993 నాటి మాట ఇది. మీ ట్రైలరులో ఆ పెట్టె మూత తెరవకండి. మామిడికాయ పులుసు, కొసరి వడ్డించే ఆవిడ, తినలేక తినే కుర్రవాడు చాలు.

జవాబు: పెన్నాగట్టు

రంగులపెట్టె గారూ, ఆ చేతిని చూపించవద్దని నా ఉద్దేశం కాదు. చూపించండి, కానీ ఒకేసారి చూపించి మూత పెట్టేయండి. ఆ తరువాత వచ్చే ప్రతి భోజనంలోనూ ప్రేక్షకుడు దాన్ని తనంతట తానే ఆ ఆకులో చూసుకుంటాడు. ఇంకో చెయ్యో కాలో చూపించిన కొద్దీ మొదటిది చవకబారుతుంది.

మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా మంచి పట్టు మీద ఉన్న ఘట్టంలో కూడా మధ్యలోకి దూరి నవ్విస్తారు, వాళ్లు పక్కకు తప్పుకోగానే కథ ఆగిన చోటి నుంచే నడుస్తుంది. ఆ పద్ధతి మీ సినిమాకు పట్టుబడదు. విడిగా ఒక హాస్యజంటను పెట్టి, భయం ముదిరినప్పుడల్లా వాళ్లను తీసుకురావాలన్న ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. ఇక్కడ నవ్వించేదీ భయపెట్టేదీ ఆవిడే, ఒకే వాక్యంలో. అందుచేత ఆ పాత్రకు మీ దగ్గర ఉన్నవారిలో అందరికన్నా అనుభవం ఉన్న నటిని తీసుకోండి. హీరోకు కొత్త కుర్రవాడు దొరికినా సరిపోతుంది.

ప్రశ్నించినవారి మాట: కావలి కథకుడు

అందరికీ నమస్కారాలు. నల్లమల గతాన్ని ఇవాళే తీసేశాము. అది రాసిన మిత్రుడు కూడా మార్కాపురం వారి జవాబు చదివి ఇంకేమీ వాదించలేదు. సరుగుడు తోట పరుగు కూడా పోయింది. దాని స్థానంలో మేనేజరు పక్కన కూర్చునే భోజనం రాస్తున్నాము. ఆవిడ పాత్రకు పౌరాణిక నాటకాల్లో యశోదగా, కౌసల్యగా పేరు తెచ్చుకున్న ఒక పెద్దావిడను అడిగాము. కథంతా విని, "నేను వడ్డించేటప్పుడు నవ్వను, ఆ పిల్లోడు తినకపోతే నిజంగానే బాధపడతా" అన్నారు. ఆ మాటతో మాకు ధైర్యం వచ్చింది.

చివరి ఆదివారం కుర్రవాడు ఎవరిని వెంటబెట్టుకొని వస్తాడన్నది ఇంకా తేలలేదు. పోలీసు అని ఒకరు, కనిపించకుండా పోయిన మనిషి భార్య అని ఇంకొకరు అంటున్నారు. నాకు భార్యే సరైనదనిపిస్తోంది. ఆమె ఆకు ముందు కూర్చున్నాక, ముసలాయన వేలికి ఉన్న ఉంగరాన్ని గుర్తుపట్టాలి. మీ అభిప్రాయం చెప్పండి.

రంగులపెట్టె గారికి ఒక చిన్న సందేహం. జనవరిలో షూటింగు పెట్టుకుంటే, మా బజారులో లేత పనసకాయ దొరకకపోతే ఏం చేయాలి?

జవాబు: ఒంగోలు రంగులపెట్టె

భార్య రావడమే బాగుంటుంది. అయితే ఉంగరం ముసలాయన వేలికి ఎప్పుడు చేరిందో అంతకుముందే ఒక షాటులో చూపించండి. లేకపోతే పెట్టెలోని చేతికీ దీనికీ పొత్తు కుదరదు.

పనసకాయ దొరకకపోతే పెద్ద సైజు మీల్‌మేకరును వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, నూనెలో దోరగా వేయించి పులుసులో వేయండి. పీచు అంతగా రాదు కానీ, నములుతున్నప్పుడు నటుడి దవడ కదలిక సరిగ్గా ఉంటుంది. దగ్గర షాటులో విడదీసి చూపించే ఒక్క ముక్కకు మాత్రం పుట్టగొడుగుల్లో పొడుగు కాడలున్న రకాన్ని నిలువుగా చీల్చి వాడండి. మామిడికాయ ముక్కలను మాత్రం నిజమైనవే వేయండి. కాయలు రాని రోజులైతే ఉప్పులో ఊరవేసిన ముక్కలు ముందే తీసి పెట్టుకోండి.